అత్తగారి పక్క సీటు

ఎడారి ఊరైన జానెత్ విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే ఘూమాని, తమన్‌రసెత్‌కి ఎంతసేపు పడుతుందని అడిగితే సూటిగా జవాబు రాదు. "ఎక్కితే గంట," అంటాడు. "ఎక్కకపోతే ఎంతసేపో నేను చెప్పలేను." కొత్తవాళ్ళు హాస్యమనుకుని నవ్వుతారు. తెలిసినవాళ్ళు అసలు అడగరు. నేను మాత్రం వెళ్ళినప్పుడల్లా అడుగుతాను. ఎందుకంటే నేను అతని మరదల్ని, మా అమ్మకి స్వయానా అన్న కొడుకు ఘూమా. మా వాళ్ళలో బావామరదళ్ళు ఒకరినొకరు ఎంత దెప్పుకున్నా ఎవరూ తప్పు పట్టరు. ఆ హక్కుని నేను చిన్నప్పటి నుంచీ పొదుపు లేకుండా వాడుకుంటూనే ఉన్నాను.

ఈ రెండు విమానాశ్రయాల మధ్య గాల్లో నాలుగువందల నలభై కిలోమీటర్ల దాకా ఉంటుందని కౌంటర్లో కుర్రాళ్ళు చెబుతారు. విమానం పైకి లేచి, కప్పు టీ ఇచ్చి, ఆ ఖాళీ కప్పు వెనక్కి తీసుకునేలోపు దిగిపోతుంది. నేల మీద లెక్క వేరు. రాళ్ళు, ఇసుక, మళ్ళీ రాళ్ళు. గట్టి బండి, గట్టి డ్రైవరు, దేవుడి దయ మూడూ కలిసొస్తే రెండు రోజులు. మా తాతలు ఒంటెలతో మూడు వారాలు నడిచేవాళ్ళట. వాళ్ళకి తొందర లేదు కనుక ఆలస్యం కూడా లేదు. తొందర మాకు విమానంతో పాటే వచ్చింది.

తమన్‌రసెత్ విమానాశ్రయంలో తోలు సంచుల కొట్టు నాది. సంచులు కొనేది తక్కువ, నా టీ తాగి కబుర్లు చెప్పేది ఎక్కువ. అందువల్ల ఎవరు ఎటు పోతున్నారో, ఎందుకు పోతున్నారో పోలీసుల కంటే నాకే ముందు తెలుస్తుంది. ఘూమా సంగతి మాత్రం నా కళ్ళ ముందే జరిగింది. జరిగి ఇన్నేళ్ళైనా తలుచుకుంటే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత ఏడుపు వస్తుంది. ఆ వరుస ఇంతవరకూ మారలేదు.

మా బావ పొడగరి, మాట తక్కువ మనిషి. మా మామ ఒంటెలు తోలేవాడు. ఒంటెల వెనక రోజంతా నడిచేవాడికి మాట్లాడే పని ఏముంటుంది? ఆ మౌనం కొడుక్కీ వచ్చింది. పెద్దయ్యాక ఒంటె పోయి జీపు వచ్చింది. యాత్రికులని ఎడారి చూపించడానికి తీసుకెళ్ళే ఒక పెద్దమనిషి దగ్గర డ్రైవరుగా కుదిరాడు. బండిలో ఆరుగురు విదేశీయులు ఆరు రకాల ప్రశ్నలు అడుగుతుంటే, మా బావ చేయి చాపి కొండ చూపించేవాడట. అదే జవాబు. వాళ్ళకి అది చాలా నచ్చేదట.

బిడియంలో మా బావని మించినవాడు మా తెగలో లేడు. మగవాళ్ళు ముసుగు కట్టుకోవడం మాకు మామూలే. నోరు పరాయివాళ్ళకి కనబడకూడదు. అందులోనూ అత్తమామల ముందు మరీ కనబడకూడదు. అల్లుడన్నవాడు అత్త ఎదుట తినడు, తాగడు, ఆవిడ పేరు పలకడు. దారిలో ఎదురైతే పక్కకి తప్పుకుంటాడు. ఈ రోజుల్లో కుర్రాళ్ళు దీన్ని సగం పాటించి సగం వదిలేస్తున్నారు. మా బావ సగం వాడు కాదు. పెళ్ళి ఏడు రోజులూ పగలు ముసుగు దించలేదు. పగలంతా పస్తుండి, అందరూ పడుకున్నాక రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకునేవాడు. ఏడో రోజుకి పెళ్ళికొడుకు ఎండిన మేక తోలులా తయారయ్యాడు. "పెళ్ళి చేసుకున్నావా, ఉపవాసం చేశావా బావా?" అని నేను ఏడిపిస్తే, ముసుగులోంచి కళ్ళతో మాత్రం నవ్వాడు.

పెళ్ళికూతురు తెహీత్. జానెత్ ఊరి బయట గుడారాల్లో ఉండేవాళ్ళ పిల్ల. నవ్వితే చుట్టుపక్కల గుడారాలన్నిటికీ వినబడేది. అంత నోరున్న పిల్ల ఈ నోరు లేనివాణ్ణి ఎలా ఇష్టపడిందో నాకు అర్థం కాలేదు. ఒకసారి అడిగాను కూడా. "మిగతావాళ్ళు నన్ను చూసి మాట్లాడతారు రైషా. మీ బావ నన్ను చూసి మాట మర్చిపోతాడు. అది బాగుంటుంది," అంది. మూడేళ్ళు తిరిగేసరికి అదే బాగా లేకుండా పోయింది.

ఎందుకంటే ఉద్యోగం తమన్‌రసెత్‌లో, పెళ్ళాం జానెత్‌లో. మా వాళ్ళలో గుడారం ఆడదాని సొత్తు. పెళ్ళికి తల్లి కట్టించి ఇస్తుంది, మొగుడు అందులో ఉంటాడు. తెహీత్ గుడారం తల్లి గుడారం పక్కనే ఉంది. అక్కడికి ఘూమా ఏడాదికి రెండు సార్లు, మహా అయితే మూడు సార్లు వెళ్ళేవాడు. మిగతా అప్పుడంతా లారీ డ్రైవర్లతో కబురు పంపేవాడు. చలికాలం అయ్యాక వస్తానని చెప్పండి. యాత్రికులు తగ్గాక వస్తానని చెప్పండి. పండక్కి తప్పకుండా వస్తానని చెప్పండి. డబ్బు పంపేవాడు, టీ పొడి పంపేవాడు, బట్టలు పంపేవాడు. మనిషి తప్ప అన్నీ వెళ్ళేవి.

"మీ బావ గొంతు ఎలా ఉంటుందో మర్చిపోయానే," అంది నాతో తెహీత్ ఒకసారి. "లారీ డ్రైవర్ల గొంతులే గుర్తున్నాయి. అందులో ఒకడిది చాలా బాగుంటుంది, జాగ్రత్తగా ఉండమను." నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. తిరిగొచ్చి బావకి చెబితే అతను నవ్వలేదు.

నాలుగో ఏడు చలికాలంలో అటునుంచే కబురొచ్చింది. ఈసారి లారీ డ్రైవరు తెహీత్ మాట మోసుకొచ్చాడు. వచ్చే మంగళవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక తన మేనమామ పెద్దలని కూర్చోబెడుతున్నాడు. మర్నాడు ఆయన ఘాత్ ఊరి వైపు ఒంటెలతో వెళ్ళిపోతాడు, మళ్ళీ వేసవికి గాని రాడు. ఘూమా ఆ మంగళవారం స్వయంగా వచ్చి, జానెత్‌లో ఉంటాడో ఉండడో మేనమామ ముందు తన నోటితో చెప్పాలి. వస్తే ఏం చెప్పినా వింటుంది. మనిషి రాకుండా మళ్ళీ మాట వస్తే మాత్రం గుడారం మడిచేస్తుంది. మా భాషలో దానికి ఇంకో అర్థం లేదు. గుడారం మడిస్తే మొగుడికి అందులో చోటు లేదు, కాపురం అయిపోయినట్టే.

ఇక్కడే మీకు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే మా బావ పెళ్ళాం మీద ప్రేమ లేనివాడని అనుకుంటారు. ఆ కబురు రావడానికి నెల ముందే అతను జానెత్ విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పనికి అర్జీ పెట్టుకున్నాడు. పెట్టించింది నేనే. జీపు మీద వచ్చేదానిలో సగం కూడా రాదు, అయినా సరే అన్నాడు. కబురొచ్చిన రెండు రోజులకే ఆ పని ఖాయమైంది. "తెహీత్‌కి చెప్పి పంపనా?" అని అడిగితే ససేమిరా వద్దన్నాడు. "ఈ ఒక్క మాటా నేనే చెబుతాను రైషా. ఇన్నాళ్ళూ అందరి నోళ్ళతో చెప్పాను." నాకు ముచ్చటేసింది. మంగళవారం విమానానికి టికెట్టు తీసుకున్నాడు. ఆ రోజుల్లో జానెత్‌కి వారానికి ఒకటే విమానం, ఉదయం పూట.

అతని అత్తగారు షెన్నా అప్పుడు మా ఊళ్ళోనే ఉంది, కంటికి ఆపరేషన్ కోసం వచ్చింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఘూమా రోజూ మేకపాలు తీసుకెళ్ళేవాడు. గదిలోకి వెళ్ళేవాడు కాదు. కిటికీ కింద కూర్చుని, లోపలికి ఎవరు వెళుతుంటే వాళ్ళ చేతికి గిన్నె ఇచ్చేవాడు. ఒకరోజు గంటసేపు ఎవరూ రాలేదట, పాలు విరిగిపోయాయి. విరిగిన పాలతో నా కొట్టుకి వచ్చి కూర్చున్నాడు. "నాలుగు అడుగులు వేసి ఇవ్వలేకపోయావా?" అంటే, "అవి నాలుగు అడుగులు కావు," అన్నాడు.

సరే, మంగళవారం. ఘూమా పొద్దున్నే వచ్చేశాడు. కొత్త ముసుగు కట్టుకున్నాడు, దాని నీలం రంగు ఇంకా చేతులకి అంటుతోంది. నా కొట్టు ముందు కూర్చుని టీ తాగుతూ ముసుగు చాటున పెదాలు కదుపుతున్నాడు. మేనమామ ముందు చెప్పాల్సిన నాలుగు ముక్కలూ వల్లె వేసుకుంటున్నాడు. అంతలో అత్తగారి మేనల్లుడొకడు చెయ్యి పట్టుకుని నడిపిస్తూ షెన్నాని లోపలికి తీసుకొచ్చాడు. ఒక కంటికి తెల్లటి కట్టు, రెండో కంటికి ఎప్పటినుంచో పొర. ఆవిడకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియవు. ఆవిడా అదే పెద్దల కూటానికి వెళుతోంది.

మా బావ ఏం చేశాడో తెలుసా? అంత పొడుగు మనిషి తోలు సంచుల వెనక దూరాడు.

"బావా, ఆవిడకి చూపు లేదు. బయటికి రా."

"నువ్వు మెల్లగా మాట్లాడు."

"విమానంలో కూడా సంచుల వెనకే కూర్చుంటావా?"

"అందరూ ఎక్కాక ఎక్కుతాను. ముందు కూర్చుంటే నేను వెనక్కి పోతాను. వెనక కూర్చుంటే ముందే ఉండిపోతాను." పాపం, లెక్క బాగానే వేసుకున్నాడు. అందరికంటే చివర బయలుదేరాడు. నేను కొట్టు వదిలి అద్దాల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. బావ మెట్లెక్కడం చూశాను, తలుపులోకి వెళ్ళడం చూశాను. హమ్మయ్య అనుకున్నాను.

కాసేపటికి అదే తలుపులోంచి మా బావ బయటికొచ్చాడు. మెట్లు దిగాడు. సీటు దొరక్కపోతుందా అని కింద కాచుకున్న జానెత్ మనిషి ఒకడుంటే, వాడితో ఏదో చెప్పి తన కాగితం వాడి చేతిలో పెట్టాడు. వాడు పరిగెత్తుకుంటూ ఎక్కాడు. తలుపు మూశారు. మా బావ ఎండలో తల వంచుకుని నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"ఏమైంది? ఏదైనా మర్చిపోయావా?"

"లేదు."

"మరి?"

"కాగితం మీద నాకు వేసింది ఆవిడ పక్క సీటు."

నాకు నోట మాట రాలేదు. తర్వాత వచ్చింది, బాగా వచ్చింది. "నీ మొహం మండ! కళ్ళు కనబడని ముసలావిడ! పక్కన ఎవరు కూర్చున్నారో ఆవిడకి ఏం తెలుస్తుంది? గంటసేపు రాయిలా కూర్చోలేవూ?"

"ఆవిడకి కనబడదు రైషా. నాకు కనబడుతుంది కదా."

"పోనీ సీటు మార్చమని ఎవరినైనా అడగొచ్చుగా. నాలుక లేదా?"

"ఆవిడ చెవులకి కట్టు లేదు. ఎందుకు మారాలని వాళ్ళు అడిగితే ఏం చెప్పను? ఆవిడ వింటుండగా, నాకు ఆవిడ పక్కన కూర్చోవడం ఇష్టం లేదని చెప్పనా?"

"చెప్పకుండా నోరు మూసుకుని కూర్చో!"

"విమానం ఊగితే ముసలివాళ్ళు పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటారు. నా చెయ్యి పట్టుకుంటే? విడిపించుకోలేను, ఉంచుకోలేను."

వాదించి లాభం లేదు. అప్పటికే విమానం దూరంగా దుమ్ము లేపుకుంటూ పరిగెడుతోంది. అది పైకి లేచే వరకూ ఇద్దరం అటే చూశాం. జానెత్ పోస్టాఫీసుకి ఫోన్ చేయిస్తాను, పని ఖాయమైన సంగతి ఎవరితోనైనా తెహీత్‌కి చెప్పిద్దాం అన్నాను. "మళ్ళీ మాటే పంపమంటావా?" అన్నాడు. ఆ క్షణంలో నాకు ఒక అనుమానం వచ్చింది.

"ఆ ఎక్కినవాడితో ఏం చెప్పావు బావా?"

"తెహీత్‌కి చెప్పమన్నాను. రోడ్డు మీద వస్తున్నానని."

నేను నెత్తి కొట్టుకున్నాను. మనిషి రావాలి, మాట రాకూడదు అని ఆ పిల్ల ఏడుస్తుంటే, ఈయన విమానంలో మాటనెక్కించి మనిషిని దింపేశాడు. అతనికి అది తోచనే లేదు. కబురు పెట్టకుండా ఆలస్యం చేస్తే అమర్యాద అనుకున్నాడు. మర్యాద, మర్యాద! ఆ మర్యాద మీద ఇసుక పొయ్యా.

గోధుమపిండి బస్తాలూ గ్యాసు సిలిండర్లూ వేసుకుని జానెత్ వెళ్ళే లారీ ఒకటి దొరికింది. దాని మీద ఎక్కాడు. దారి సగంలో లారీ కింది కమాను పట్టీ విరిగింది. బాగు చేయడంలో చెయ్యి కోసుకున్నాడు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నిద్ర లేదు, తిండి లేదు. గురువారం మధ్యాహ్నం ఎండలో తెహీత్ వాళ్ళ గుడారాల దగ్గర దిగాడు.

మంగళవారం జరిగింది అతనికి అప్పటికి తెలియదు. నాకు తర్వాత అక్కడివాళ్ళు చెప్పారు. అసర్ నమాజు అయింది, పెద్దలు కూర్చున్నారు. సీటు దొరికిన ఆ పుణ్యాత్ముడు నిజాయితీగా వచ్చి, "ఘూమా రోడ్డు మీద వస్తున్నాడట," అని అందరి ముందూ చెప్పాడు. పెద్దల్లో ఒకాయన నవ్వాడట. అప్పుడు షెన్నా నోరు విప్పి, అల్లుడు విమానం తలుపు దాకా వచ్చాడనీ, తన మీద గౌరవంతోనే దిగిపోయాడనీ చెప్పింది. తెహీత్ తల్లి వైపు చూసి, "ఆయన మర్యాద నీకు దక్కిందమ్మా. నాకేం దక్కింది?" అని లేచిపోయింది. మేనమామ కూటం అక్కడితో ముగించాడు. మర్నాడు తెల్లవారి ఆయన ఒంటెలు కదిలాయి, తెహీత్ గుడారం మడిచేసింది.

గురువారం ఘూమా వెళ్ళేసరికి గుడారం ఉన్న చోట నున్నటి ఇసుకా, పొయ్యి రాళ్ళూ ఉన్నాయి. అతని ఒంటె జీను, కత్తి, టీ సామాను ఒక చాప మీద పేర్చి ఉన్నాయి. దుమ్ము పడకుండా పైన గుడ్డ కూడా కప్పింది తెహీత్. ఆమే తల్లి గుడారంలోంచి బయటికి వచ్చి అతనికి నీళ్ళిచ్చింది.

"దారెలా ఉంది?" అని అడిగింది.

"బాగుంది," అన్నాడు.

తాగాక, జానెత్‌లో పని దొరికిందనీ, ఇక ఇక్కడే ఉంటాననీ చెప్పాడు. ఇది అతనే నాకు చెప్పాడు, ఒక్కసారి, మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. "ఈ మాట మొన్న చెప్పి ఉంటే మామయ్య ముందు నేను నీ కాళ్ళ దగ్గర కూర్చునేదాన్ని," అందట తెహీత్. "ఇప్పుడు పెద్దల ముందు అయిపోయింది. అన్న మాట వెనక్కి తీసుకుంటే రేపు నా మాటకి విలువేముంది?" ఆ పిల్లకి పౌరుషం, ఇతనికి బిడియం. ఇద్దరిలో ఎవరు ఒక్క అడుగు వేసినా కాపురం నిలిచేది. చెట్టంత మనుషులు ఇసుకలో నిలబడి ఒకరి దుఃఖం ఒకరు చూస్తూ ఊరుకున్నారు.

బతిమాలాల్సింది. నేనే అక్కడుంటే ఆమె కొంగు పట్టుకుని కూర్చోమనేదాన్ని అతన్ని. పక్క గుడారంలో అత్తగారు ఉంది కదా, గొంతు ఎలా పెంచుతాడు?

తర్వాత అతను తిరిగి తమన్‌రసెత్ రాలేదు. ఖాయమైన పనిలో చేరిపోయాడు. ఎవరి కోసం ఆ ఊరు వచ్చాడో ఆమె రెండేళ్ళకి ఘాత్ వ్యాపారిని పెళ్ళాడి వెళ్ళిపోయింది. సుఖంగానే ఉందని విన్నాను. ఘూమా మాత్రం విమానాశ్రయం వెనక సిమెంటు గదిలో ఉంటాడు. విమానం వచ్చేముందు రన్‌వే మీద ఒంటెలుంటే తోలేస్తాడు. సామాన్లు దించుతాడు, ఎక్కిస్తాడు. ఎవరైనా చివరి నిమిషంలో ఎక్కనని పేచీ పెడితే మాత్రం మౌనం వదిలి కోప్పడతాడట. భయపడే ముసలాళ్ళనీ, గొడవ పడ్డ మొగుడూ పెళ్ళాలనీ దగ్గరుండి మెట్లెక్కిస్తాడట. మళ్ళీ పెళ్ళి చేసుకోమని నేను వంద సంబంధాలు చెప్పాను. "చూద్దాంలే మరదలా," అంటాడు. చూడలేదు.

ఇంకో విచిత్రం. కాపురం పోయినా షెన్నా ముందు అతని పద్ధతి మారలేదు. చుట్టాలని పంపడానికో తీసుకెళ్ళడానికో ఆవిడ విమానాశ్రయానికి వస్తే చాలు, ఘూమా సామాన్ల షెడ్డులోకి మాయమయ్యేవాడు. "ఎవరి అల్లుడివయ్యా నువ్విప్పుడు?" అని తోటి కూలీలు వెక్కిరించేవాళ్ళు. వినబడనట్టు ఊరుకునేవాడు. అలవాటు పడిన ప్రాణం అనుకున్నాను నేను కూడా. ఎంత తెలివితక్కువదాన్ని!

పోయిన చలికాలం మా అక్క కూతురి పెళ్ళికని జానెత్ వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయానికి వచ్చేసరికి బల్ల మీద షెన్నా ఒక్కతే కూర్చుని ఉంది. రెండో కంటికి ఆపరేషన్ చేయించుకోవడానికి తమన్‌రసెత్ వస్తోంది. మొదటి కన్ను బాగానే కనబడుతోందట. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. ఎలా ఉన్నావు, ఒంట్లో ఎలా ఉంది, ఎండ ఎలా ఉంది, మేకలెలా ఉన్నాయి, అన్నీ అయ్యాక అడిగింది.

"మీ బావ ఉన్నాడా?"

"ఉన్నాడు పెద్దమ్మా. నిన్ను చూసి షెడ్డులో దూరి ఉంటాడు."

"పిలువు."

"రాడు."

"నేను పిలుస్తున్నానని చెప్పు. నాకు వయసైపోయింది, కత్తి కింద పడబోతున్నాను. పిలువు."

వెళ్ళి చెప్పాను. వచ్చాడు. వచ్చి, మా బల్లకి కొంచెం దూరంలో ఉన్న స్తంభం వెనక, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. ముసుగు కొస, ఒక భుజం తప్ప ఏమీ కనబడటం లేదు. షెన్నా ఆ భుజం వైపు కాకుండా నా వైపు తిరిగి మాట్లాడింది. వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకోరు కదా, మధ్యలో నేను.

"చెప్పు రైషా అతనితో. ఆ రోజు విమానంలో ఆ సీటు నేనే అడిగి వేయించుకున్నానని చెప్పు."

నేను తెల్లబోయాను. "నువ్వా?"

"నేనే. మా మేనల్లుడితో కౌంటర్లో చెప్పించాను, నన్ను ఘూమా పక్కన కూర్చోబెట్టమని."

"ఎందుకు పెద్దమ్మా?"

"ఎందుకేమిటే? నా కూతురు నాకు తెలియదా? దాని దగ్గర ఏ మాట ముందు అనాలో, ఏ మాట అసలు అనకూడదో ఇతనికి చెబుదామని. నేల మీద మాట్లాడితే ఎవరో ఒకరు చూస్తారు. పైన ఎవరు చూస్తారు? నాకు చూపు లేదు, అతనికి ముసుగుంది, ఆ రొదలో మా మాట ఇంకెవరికీ వినబడదు. ఆ గంటసేపూ అత్తా అల్లుడూ కాకుండా ఇద్దరు ప్రయాణికుల్లా ఉందాం అనుకున్నాను. తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అడుగుల చప్పుడు బట్టే అది అతనే అని నాకు తెలుసు. రా నాయనా అని పిలుద్దామంటే నోరు పెగల్లేదు. సిగ్గు అతనొక్కడికేనా?"

భుజం కదల్లేదు. హాల్లో ఎవరో పిల్లలు అరుస్తున్నారు. షెన్నా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంకోటి కూడా చెప్పు. ఆ సాయంత్రం మా అన్న ముందు, అతను గౌరవంతో దిగిపోయాడని చెప్పానే, అక్కడితో ఆగిపోయాను. సీటు నేనే అడిగాను, అతన్ని అంత ఇరకాటంలో పెట్టింది నేనే, తప్పు నాదీ అని అని ఉంటే తెహీత్ రెండు రోజులు ఆగేది. ఆగేదే. అల్లుడి పక్కన కూర్చోబోయానని అన్న ముందు చెప్పుకోవడానికి సిగ్గేసింది నాకు. నా సిగ్గు నేను కాపాడుకున్నాను, వాళ్ళ కాపురం పోయింది."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. నాకూ కళ్ళు మసకలు కమ్మాయి. ఇన్నేళ్ళూ నేను తిట్టిందంతా ఒక్కణ్ణే.

"ఇప్పుడు మా మధ్య ఏమీ లేదుగా," అంది కాస్త తేరుకుని. "నేను అత్తనూ కాను, అతను అల్లుడూ కాడు. ఎవరూ ఏమీ అనరు. వచ్చి ఇక్కడ నా పక్కన కూర్చోమను. విమానం రావడానికి ఇంకా టైముంది. కాసేపు మామూలు మనుషుల్లా టీ తాగుదాం. నాకు కొడుకుల్లేరు రైషా. రమ్మను."

నేను లేచి స్తంభం దగ్గరికి వెళ్ళాను. మా బావ రెండు చేతులూ స్తంభానికి ఆనించి నిలబడ్డాడు. ముసుగు కళ్ళ కింద తడిసి, నీలం చెంపలకి అంటింది.

"విన్నావుగా బావా. రా. ఇంకా ఎవరి కోసం ఈ దాగుడుమూతలు?"

"ఆవిడకి చెప్పు," అన్నాడు. ఎప్పుడూ లేనంత గట్టిగానే అన్నాడు. "నేనిప్పుడు వచ్చి ఆవిడ పక్కన కూర్చుంటే, తెహీత్ మొగుణ్ణి కానని నా అంతట నేనే ఒప్పుకున్నట్టు. మిగతా అందరూ ఒప్పుకున్నారు. తెహీత్ కూడా ఒప్పుకుంది. నా వల్ల మాత్రం కాదు రైషా."

నేను చెప్పక్కర్లేకపోయింది. షెన్నా విన్నది. అంతలో విమానం వచ్చిందని పిలిచారు. నేను చెయ్యి అందిస్తే పట్టుకుని లేచింది. స్తంభం వైపు నుంచి మొహం తిప్పుకుని, అందరికీ వినబడేలా అంది.

"మా అల్లుడికి చెప్పు రైషా. నా సంచిలో నెయ్యి కుండ ఉంది, జాగ్రత్తగా ఎక్కించమను."